తల పక్కకు తిప్పి చూసే పిల్లల్ని సరిదిద్దకండి

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లాలో బడులు తెరిచే రోజుల్లోనే, జూన్ 13న, అంతర్జాతీయ ఆల్బినిజం అవగాహన దినం వస్తుంది. ఆల్బినిజం అనగానే అందరి ధ్యాసా తెల్లటి చర్మం, జుట్టు మీదికే పోతుంది గానీ, తరగతి గదిలో ఆ పిల్లల్ని నిజంగా వెనక్కి లాగేది చూపు.

ఆల్బినిజంలో పుట్టుకతోనే మెలనిన్ అనే రంగు పదార్థం కొరవడుతుంది, దాంతో కన్ను ఎదిగే తీరే మారిపోతుంది. కంటి వెనుక తెర అయిన రెటీనా నడుమ సన్నని అక్షరాలను పట్టుకునే ఫోవియా పూర్తిగా ఏర్పడదు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరపు పోగులు మామూలుకన్నా ఎక్కువగా అవతలి వైపుకు దాటిపోవడంతో, రెండు కళ్లూ కలిసి లోతును అంచనా కట్టలేవు. పుట్టిన రెండు మూడు నెలలకే కనుగుడ్లు అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. కళ్లజోడు దృష్టిదోషాన్ని సరిచేస్తుందే తప్ప ఎదగని ఫోవియాను ఎదిగించలేదు కాబట్టి, "అద్దాలు పెట్టుకుని కూడా కనబడదా?" అని గద్దించడం అన్యాయం.

మా బడిలో ఒక పాప గడ్డం ఎడమ భుజం వైపు తిప్పి, ఓరకంట నల్లబల్ల చూసేది. కనుగుడ్ల ఊపు అన్నిటికన్నా తగ్గే కోణం అది. ఆ కోణంలోనే ఆమెకు అక్షరం కుదురుగా నిలిచేది. వచ్చిన ప్రతి ఉపాధ్యాయుడూ "తిన్నగా కూర్చో" అంటూ ఆ తలను నిటారు చేసి, ఉన్న కాస్త చూపునూ తీసేసేవారు. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదివితే కళ్లు పాడవుతాయని లాగేసుకోవడమూ అంతే. దగ్గరగా పెట్టుకుంటే అక్షరం పెద్దగా కనబడుతుంది, దానివల్ల ఏ హానీ లేదు.

తల్లి గ్రహణం చూసిందనే నింద కూడా మన పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. చాలా రకాల్లో తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఇది వస్తుంది.

రెండిటిలో మెరుగైన కంటికి అద్దాలు పెట్టాక కూడా చూపు 6/18 (మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనబడేది 6 మీటర్ల నుంచే కనబడడం) కన్నా తక్కువుంటే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని అల్పదృష్టిగా గుర్తిస్తుంది. కనుక ప్రధానోపాధ్యాయులు అలాంటి పిల్లల్ని కంటి వైద్యులకు చూపించి, వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం ఇప్పించే బాధ్యత తీసుకోవాలి. కిటికీకి వీపు ఉండేలా ముందు బల్ల, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, ఎండలో ఆడేటప్పుడు అంచు టోపీ, రంగు అద్దాలు: ఈ ఏర్పాట్లన్నీ ఈ విద్యా సంవత్సరం మొదటి వారంలోనే జరిగేలా జిల్లా విద్యాశాఖ ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

— ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం