పికప్‌ల మీద చెయ్యి వేయకు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబిస్తున్నందుకు తిట్టుకో. కానీ ముందు ఇది చదివి, తర్వాత తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళు కాస్త నయం. పై వాటాలో కొత్తవాళ్ళు దిగారు. మిగతావన్నీ తీరిగ్గా రాస్తాను. నీ స్ట్రాట్ గిటార్‌కి కొత్త పికప్‌లు, అంటే తీగల కదలికని కరెంటుగా మార్చే ఆ అయస్కాంతపు చుట్టలు, వేయిస్తానన్నావే, అడ్వాన్స్ ఇచ్చేశావా? ఇవ్వకపోతే ఆగు.

శబ్దాన్ని మార్చే ఆ కాలి పెడళ్ళన్నీ ఆఫ్‌లో ఉన్నా గిటార్ గొంతు పూడుకుపోయినట్టు మోగుతోందన్నావు. నీవి ట్యూనర్ తప్ప అన్నీ ట్రూ బైపాస్. ఆ ట్యూనరేమో పెట్టెలోనే ఉంది. ట్రూ బైపాస్ అంటే ఆఫ్‌లో ఉన్నప్పుడు పెడల్ వట్టి తీగే. గిటార్ నుంచి పెడళ్ళ బోర్డుకి ఆరు మీటర్లు, పెడళ్ళని కలిపే ప్యాచ్ కేబుళ్ళు ఒకటిన్నర, బోర్డు నుంచి యాంప్‌కి ఇంకో ఆరు. మామూలు కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది, కాబట్టి మొత్తం 1350. స్ట్రాట్ పికప్ ఇండక్టెన్స్ రెండున్నర హెన్రీలనుకో. ఆ రెండూ కలిస్తే పికప్ రెజొనెన్స్ (అది అన్నిటికన్నా గట్టిగా పలికే చోటు) రెండున్నర, మూడు కిలోహెర్ట్జ్ మధ్యకి దిగుతుంది, ఆ పైన ట్రెబుల్, అంటే పై స్థాయి మెరుపు, జారిపోతుంది. మూడు మీటర్ల కేబుల్‌తో నేరుగా యాంప్‌కి పెడితే అదే గిటార్ 5 కిలోహెర్ట్జ్ దగ్గర మెరుస్తుంది. నమ్మకపోతే ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి విను. తేడా వినిపించిందంటే దోషం తీగది, పికప్‌ది కాదు.

దీనికి మందు బఫర్, అంటే తన తర్వాతి తీగ బరువు పికప్ మీద పడకుండా తనే మోసే చిన్న సర్క్యూట్. గెయిన్ ఒకటే, అంటే శబ్దం పెంచదు. ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, ఎక్కువైతే పికప్‌కి బరువు తక్కువ) ఒక మెగోమ్, ఔట్‌పుట్ ఒక కిలో ఓమ్ లోపు. ఆ ఒక కిలో ఓమ్ 1500 పికోఫారడ్‌ని తోసినా కోత 100 కిలోహెర్ట్జ్ దాటాకే మొదలవుతుంది, మన చెవికి తెలియనే తెలియదు. బఫర్ వరకూ ఉన్న తీగ మాత్రమే పికప్‌కి బరువు. అందుకే అది గిటార్‌కి ఎంత దగ్గరుంటే అంత మంచిది.

కొనక్కర్లేదు కూడా. ఆ ట్యూనర్ బాస్ టీయూ-3 కదా, ఆఫ్‌లో ఉన్నా దానిలోని బఫర్ పనిచేస్తూనే ఉంటుంది. తీసి బోర్డు మీద పెట్టు. కానీ మొదట్లోనే పెట్టకు! నీ ఫజ్ ఉందిగా, శబ్దాన్ని బాగా బొంగురు చేసే ఆ ఫజ్ ఫేస్ రకం పెడల్. 1966లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్‌కి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా తక్కువ, పికప్ కూడా దాని సర్క్యూట్‌లో భాగమైనట్టే. దాని ముందు బఫర్ పెడితే గరగరమంటుంది, గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రపడే ఆ గుణం పోతుంది. కాబట్టి గిటార్, ఫజ్, ట్యూనర్, ఆ తర్వాత ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని కాస్త పగలగొట్టే పెడల్).

ఇక నువ్వడిగిన బూస్ట్, సిగ్నల్‌ని పెంచే పెడల్. "బూస్ట్ ఉంటే బఫర్ ఎందుకు" అన్నావు, దాని మీదే నాకు గొడవ. బూస్ట్ ట్రూ బైపాస్ అయితే ఆఫ్ చేసిన క్షణం బఫర్ కూడా మాయం. నొక్కితే ట్రెబుల్ వస్తుంది, వదిలితే పోతుంది. జనం అది బూస్ట్ 'మెరుపు' అని మురిసిపోతారు. ఆన్‌లో ఉన్న బూస్ట్ కూడా మంచి బఫర్ అని చెప్పలేం. ఎలక్ట్రో-హార్మోనిక్స్ ఎల్‌పీబీ-1 పాత సర్క్యూట్ చూడు. ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండ్‌కి 43 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, ఆ లెక్కన గిటార్‌కి కనిపించే ఇంపెడెన్స్ 40 కిలో ఓమ్ కూడా దాటదు. అంటే నేరుగా గిటార్ తర్వాత పెడితే పికప్‌ని అణిచేస్తుంది. బఫర్ తర్వాత పెట్టు, సమస్యే లేదు.

బూస్ట్ ఎక్కడుంటే ఏం చేస్తుందో కూడా చూసుకో. ఓవర్‌డ్రైవ్‌కి ముందుంటే వక్రీకరణ పెరుగుతుంది తప్ప శబ్దం పెద్దగా పెరగదు. సోలోకి గట్టిగా వినబడాలంటే ఓవర్‌డ్రైవ్ తర్వాత ఉండాలి. యాంప్‌లోనే శబ్దం పగులుతుంటే దాని ముందు పెట్టినా ఫలితం లేదు, అప్పుడు యాంప్ వెనకుండే ఎఫెక్ట్స్ లూప్ జాక్‌లలో పెట్టాలి. ఎంత పెంచాలి? నాలుగు, ఆరు డెసిబెల్ చాలు, ఆరంటేనే వోల్టేజి రెట్టింపు. 20 పెట్టావంటే పదింతలు. హంబకర్ అనే రెండు చుట్టల పికప్‌తో గట్టిగా మీటితే ఒక వోల్టు వస్తుంది, పదింతలంటే పది వోల్ట్‌లు, 9 వోల్ట్‌ల మీద నడిచే బూస్ట్‌లో శబ్దం అక్కడే పగిలిపోతుంది. కొన్ని పెడళ్ళు 18 వోల్ట్‌లు తట్టుకుంటాయి, కానీ అడుగున రాసి ఉంటేనే!

బఫర్ పెట్టాక ఒక గంట "ఛీ, గీచుతోంది" అంటావు, అది నాకు తెలుసు. ఇన్నాళ్ళూ మందకొడిగా ఉందని యాంప్ ట్రెబుల్ ఎనిమిదిలో పెట్టి ఉంటావు, దాన్ని ఐదుకి దింపు. రెజొనెన్స్ ఇప్పుడు దాదాపు 4 కిలోహెర్ట్జ్‌కి వచ్చింది కదా. బఫర్ని తప్పుపట్టకు.

ఫజ్ లేని బోర్డు కోసం ఇంకో బఫర్ చేసుకోవాలనిపిస్తే కోఠి గుజరాతీ గల్లీలో సామాను దొరుకుతుంది. టీఎల్071 చిప్. రెండో కాలు, ఆరో కాలు కలిపేయి. మూడో కాలికి ఇన్‌పుట్, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా. ఏడుకి 9 వోల్ట్‌లు, నాలుగుకి గ్రౌండ్. రెండు 10 కిలో ఓమ్‌లతో 4.5 వోల్ట్‌లు తయారు చేసి, ఆ మధ్య బిందువు నుంచి గ్రౌండ్‌కి 47 మైక్రోఫారడ్ పెట్టు. అక్కడి నుంచి ఒక మెగోమ్ మూడో కాలికి. ఈ మెగోమ్‌ని గ్రౌండ్‌కి కలిపావంటే సగం తరంగం కోసుకుపోతుంది, చాలామంది చేసేది ఇదే. ఔట్‌పుట్‌లో 10 మైక్రోఫారడ్, దాని ప్లస్ ఆరో కాలివైపు, తర్వాత 100 ఓమ్, ఆ పైన జాక్. జాక్ నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్ ఒకటి, లేకపోతే స్విచ్ నొక్కినప్పుడు టప్ మంటుంది. సప్లై మీద 100 మైక్రోఫారడ్ ఒకటి మరవకు.

ఆ... అడాప్టర్! నీ ఫజ్ జర్మేనియం పీఎన్‌పీ రకం, పాజిటివ్ గ్రౌండ్ అయితే మిగతావాటితో ఒకే డైసీ చెయిన్‌లో (ఒకే అడాప్టర్ నుంచి అన్నిటికీ పాకే తీగ) పెట్టకు, షార్ట్ అవుతుంది. దానికి వేరే బ్యాటరీ వాడు. మిగతా వాటిలో గుయ్ మని మోగినా ముందు అనుమానించాల్సింది ఆ చెయినే.

డిలే (ప్రతిధ్వని పెడల్) ఎక్కడుండాలన్నావు, బూస్ట్‌కి ముందా తర్వాతా అని. తర్వాతే అంటాను, ఎందుకంటే ముందు ఉంటే నువ్వు బూస్ట్ నొక్కగానే వెనక మిగిలిన ప్రతిధ్వనులు కూడా ఒక్కసారిగా ఎగిసి... ఆటో వచ్చేసింది రా, కింద హారన్ కొడుతున్నాడు. మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ,
గోపి