మీ గేట్లు ఎందుకు లేటవుతున్నాయంటే

మా వెల్డింగ్ షాపు కస్టమర్లందరికీ నమస్తే. ఈ నెలలో కాశిబుగ్గ నుంచి పరకాల దాకా పదకొండు ఆర్డర్లు చెప్పిన తేదీకి ఇవ్వలేకపోయాం. కొందరు ఫోన్లో గట్టిగానే అడిగారు. "పని ఎక్కువైంది" అని తప్పించుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఇప్పుడు చెప్తాను.

మొన్న ఎండాకాలంలో ఒకరి గృహప్రవేశానికి రెండు రోజుల ముందు, రాత్రి తొమ్మిదింటికి మెయిన్ గేటు పని నడుస్తోంది. మూలలోకి గ్రైండర్ పట్టడం లేదని హెల్పర్ దాని గార్డు, అంటే డిస్కు మీది కవరు, ఊడదీశాడు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. "ఒక్క కటింగే గదా, ఏం గాదు తియ్" అన్నది నేనే. నాలుగించుల చిన్న గ్రైండరే, కానీ నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. డిస్కు పైపులో ఇరుక్కుని పగిలింది. ఒక ముక్క గోడ మీది క్యాలెండర్‌ను చీల్చింది, ఇంకొకటి ఆ హెల్పర్ పిల్లగాడి కనుబొమ్మను. అయిదు కుట్లు పడ్డాయి. అరంగుళం కిందికి తగిలితే కన్నే పోయేది. గేటు మాత్రం టైముకే ఇచ్చాం. ఆ ఇంటివాళ్ళకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

తర్వాత పగిలిన డిస్కును తిప్పి చూస్తే, మధ్యలో ఉన్న ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంది. అది దాటి ఏడు నెలలైంది. ఇరవై రెండేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను. పాల ప్యాకెట్ మీద తేదీ చూస్తాను గానీ డిస్కు మీద ఎన్నడూ చూడలేదు. దసరాకు గ్రైండర్‌కు కుంకుమ పెట్టి దండ వేస్తాం, దాని గార్డు మాత్రం స్క్రాపు డబ్బాలో పడి ఉంటుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం కింద కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్ళుంటేనే కార్ఖానా అనేవాళ్ళు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ లెక్క 20 అయింది. మేం ఏడుగురం. మా షట్టర్ దగ్గరికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. కళ్ళద్దాలు, తోలు గ్లవ్స్, బూట్లు కొని పంచాను. వారం తిరిగేసరికి అద్దాలు మేకుకు వేలాడుతున్నాయి, గ్లవ్స్ బస్తా కింద ఉన్నాయి. వాళ్ళను తిట్టాను. తిట్టేటప్పుడు నా కాళ్ళకు హవాయి చెప్పులే.

ఇప్పుడు పొద్దున పది నిమిషాలు మెయిన్ ఆన్ చేయం. ఎవరి మిషన్ వాళ్ళే చూసుకోవాలి: కేబుల్ ఎక్కడైనా తెగిందా, హోల్డర్ వదులైందా, ఎర్త్ క్లాంపు సరిగ్గా పట్టిందా, డిస్కు తేదీ ఎంత, గార్డు ఉందా. ఆ తర్వాత మెయిన్ ఆన్ చేసి, అందరికంటే చిన్నవాడు బోర్డులోని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై కట్ చేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కుతాడు. 'టక్' మని పడిపోతేనే పని మొదలు. పడలేదంటే, ఒంట్లోకి కరెంటు పోతున్నా అది కట్ చేయదన్నమాట.

సాయంత్రం 'గండం పుస్తకం' రాస్తాం. ఆ రోజు గడిచిన గండాలు అందులో ఎక్కాలి. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు, కూలీ కోస్తానని భయం. అందుకే మొదటి పేజీలో నా తప్పే రాశాను, గార్డు లేకుండా కోయనిచ్చింది సేటే అని. నాలుగో రోజు మా పెద్ద వెల్డర్ గొంతు సవరించుకుని, టాక్ (ముక్కలు కదలకుండా వేసే చిన్న చుక్క అతుకు) కొట్టేటప్పుడు మొహానికి షీల్డు పెట్టనని, కళ్ళు మూసుకుని కొడతానని ఒప్పుకున్నాడు. ఆ వెలుగు దెబ్బ అప్పుడు తెలియదు. నడిరాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. ఆలుగడ్డ ముక్కలు కట్టుకుని పడుకునేవాళ్ళం అందరం, ఏదో పని ధర్మం అన్నట్టు. జింకు పూత ఉన్న జీఐ పైపు అతికిన రాత్రి చలిజ్వరం వస్తే బెల్లం తినమనేవాళ్ళు. అది జింకు పొగ వల్ల వచ్చే జ్వరం. బెల్లంతో పొగ పోదు. ఇప్పుడు అతికే చోట పైపూత ముందే గీకేసి, బయట ఫ్యాన్ గాలికి పెట్టి, మాస్కు వేసుకుని అతుకుతున్నాం. టైమైతే పడుతోంది.

రాత్రి ఏడు తర్వాత కటింగ్ లేదు. మీ పని లేటు కావడానికి అసలు కారణం ఇదే. కిలోకు రెండు రూపాయలు కూడా పెంచాను, దాచడం ఎందుకు. ఒకాయన అడ్వాన్సు వాపస్ తీసుకుని వేరే షాపుకు పోయాడు. బాధ లేదని అబద్ధం చెప్పను.

మీతో కూడా కొంచెం పని ఉంది. మీ ఇంటి దగ్గర ఫిట్టింగ్‌కు వస్తే ఉత్త వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లతో బిగించడం మానేశాం. ప్లగ్గుతో మా బోర్డు మేమే తెస్తాం, ఎర్త్ ఉన్న సాకెట్ ఒకటి చూపించండి. స్లాబు దగ్గరగా 11 కేవీ లైను పోతుంటే, కరెంటోళ్ళతో మాట్లాడి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్లో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే 20 అడుగుల పైపులు పైకి ఎక్కిస్తాం. "మొన్న పక్కింట్లో ఎక్కించారు గదా" అని మా పిల్లలను తొందరపెట్టకండి. షాపుకు వచ్చినప్పుడు చిన్నపిల్లలను పసుపు గీత బయటే ఉంచండి. వెల్డింగ్ మెరుపులు బాగుంటాయని ఫోన్లో వీడియో తీస్తున్నారు, దయచేసి వద్దు.

నిన్న హడావుడిలో నేను అద్దాలు లేకుండా గ్రైండర్ అందుకున్నాను. కనుబొమ్మకు కుట్లు పడ్డ పిల్లగాడే వచ్చి ప్లగ్గు పీకేశాడు. "సేటూ, అద్దాలు" అన్నాడంతే. సాయంత్రం పుస్తకంలో కూడా వాడే రాశాడు.

పదకొండు ఆర్డర్లలో ఆరు ఈ శనివారం లోపు ఇస్తాం. మిగిలినవాటిలో నర్సంపేట మెట్ల రెయిలింగ్, హన్మకొండ షెడ్డు మాత్రం ఇంకో పది రోజులు పడతాయి. లేటైన పదకొండింటికీ ఫిట్టింగ్ చార్జీ తీసుకోను. ఫోన్ చేసేవాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంటకు చేయండి, చేతిలో మిషన్ ఉన్నప్పుడు ఎత్తడం లేదు.