చివరి సెమిస్టర్‌కు వాయిదా వేసే పాఠం కాదు

సంపాదకులకు,

బయోకెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థులకు పర్యావరణహిత ప్రక్రియా రూపకల్పనను చివరి సెమిస్టర్‌లో ఒక అదనపు అధ్యాయంగా చెప్పి సరిపెట్టడం తగదు. సూక్ష్మజీవులతో చేసే ఉత్పత్తి కనుక అది పర్యావరణానికి మేలే చేస్తుందన్న అపోహ విద్యార్థుల్లో తేలిగ్గా పాతుకుపోతుంది. ఉదాహరణకు, ఈస్ట్‌తో పులియబెట్టినప్పుడు గ్రాము గ్లూకోజ్ నుంచి సిద్ధాంతరీత్యా 0.51 గ్రాములకు మించి ఇథనాల్ రాదు. మిగిలింది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. పైగా పులిసిన ద్రవంలో అధికభాగం నీరే కావడంతో, ఇథనాల్‌ను వేరుచేసే స్వేదనానికి ఖర్చయ్యే ఆవిరిని లెక్కకడితే తప్ప ఆ ప్రక్రియ అసలు స్వరూపం బోధపడదు. రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో ప్రకటించిన ఇ-ఫ్యాక్టర్ (కిలో ఉత్పత్తికి ఎన్ని కిలోల వ్యర్థాలు వస్తాయో చెప్పే కొలమానం) ప్రకారం, ఔషధ రంగంలో కిలో ఉత్పత్తికి 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థాలు వెలువడతాయి. అందులో నీటిని కలపనేలేదన్నది గమనార్హం.

అయితే లెక్కలు వచ్చినంత మాత్రాన చాలదు. ఫెర్మెంటర్ (సూక్ష్మజీవులను పెంచే పాత్ర) పరిమాణం పెరిగేకొద్దీ ఆక్సిజన్ అందించడం, వేడిని తొలగించడం ఎందుకు కష్టమవుతాయో ప్లాంట్ ఆపరేటర్‌కూ, పెట్టుబడి పెట్టేవారికీ వారివారికి అర్థమయ్యే భాషలో వివరించగలగాలి. అందుకే డిజైన్ ప్రాజెక్టును బృందాలకు అప్పగించి, మధ్యలో ముడిసరుకునో వ్యర్థజల పరిమితినో మార్చి, తమ నిర్ణయాలను రాతపూర్వకంగా సమర్థించుకోమని అడగాలి; మార్కుల్లో కనీసం మూడో వంతు ఆ సమర్థనకే కేటాయించాలి.

– ఒక అధ్యాపకుడు