నాన్నకి, ఇంట్రాకోస్టల్ దారిలోంచి

నాన్నా,

మొన్న ఫోన్లో మీరు "ఒక్కదానివే ఎందుకమ్మా అంత దూరం, అదీ చిన్న పడవలో" అన్నారు కదా, సిగ్నల్ తెగిపోతుంటే సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే తీరిగ్గా రాస్తున్నా. సౌత్ కరొలైనాలో బ్యూఫోర్ట్ దగ్గర ఒక క్రీక్‌లో, అంటే చిన్న నీటిపాయలో, లంగరేసుకుని వున్నా. గాలి ఎక్కువగా వుంది, అది తగ్గాకే కదుల్తా.

ముందు ఒకటి, మీరనుకుంటున్నట్టు నేను నడి సముద్రంలో లేను. ఈ ఇంట్రాకోస్టల్ దారి అమెరికా తూర్పు తీరానికి లోపల్నించి పోతుంది. వర్జీనియాలో నార్ఫోక్ దగ్గర సున్నా మైలు, అక్కణ్ణించి మయామీ దాకా దాదాపు 1,090 మైళ్ళు, కొంత నది, కొంత తవ్విన కాలవ, కొంత ఒడ్డు కనపడనంత వెడల్పుండే సౌండ్లు (తీరం లోపలి పెద్ద సరస్సుల్లాంటివి), అన్నీ కలిపి ఒకే దారి చేశారు. మన బకింగ్‌హామ్ కాలవ సముద్రం పక్కనే ఎలా పోతుందో అలాగే, కాకపోతే దీంట్లో ఇప్పటికీ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇక్కడి సైన్యంలో ఇంజనీర్ల విభాగం) వాళ్ళు పూడిక తీయిస్తుంటారు. బయటి దారిలో కేప్ హాటెరస్ వుంది, ఎన్నో ఓడలు మునిగిన చోటు, అట్లాంటిక్ శ్మశానం అని పేరు దానికి. ఈ లోపలి దారిలో వస్తే ఆ మూల తిరగక్కర్లేదు. 1942లో జర్మన్ సబ్‌మెరైన్లు ఈ తీరంలో ఓడల్ని ముంచుతున్నప్పుడు సరుకు బార్జీలకి ఇదే దిక్కయింది.

దక్షిణానికి పోతుంటే నీళ్ళలో దారి హద్దులు చూపే ఎర్ర గుర్తులు కుడివైపు, పచ్చవి ఎడమవైపు వుండాలి. ఇదంతా తేలికే గానీ మధ్యలో వేరే నదులు, సముద్రపు మొగలు కలిసిన చోట రంగులు తారుమారవుతాయి, అప్పుడు చూడాల్సింది గుర్తు మీద వేసిన చిన్న పసుపు బొమ్మ. పసుపు త్రికోణం వుంటే అది కుడివైపు, పసుపు చదరం వుంటే ఎడమవైపు, అసలు బోర్డు ఏ రంగైనా సరే. ఎదురెండలో ఆ పసుపు కనపడక బైనాక్యులర్స్‌తో వెతుక్కుంటూ వేగం తగ్గించేస్తుంటా. నా పడవ ఎలాగూ గంటకి 5 మైళ్ళే.

డిస్మల్ స్వాంప్ కాలవ గురించి మీకు చెప్పాలి. 1805లో తెరిచారు, అప్పట్నించీ వాడుకలోనే వుంది. చిత్తడి అడవిలో నడుంలోతు బురదలో దాన్ని తవ్వింది బానిసలు. ఆ అడవిలోనే పారిపోయిన బానిసలు తరాల తరబడి దాక్కుని బతికారు. చెట్ల ఆకులూ వేళ్ళూ నాని నీళ్ళు డికాక్షన్ రంగులో వుంటాయి, 22 మైళ్ళు ఇటూ అటూ చెట్లే, ఇంజన్ చప్పుడు కూడా తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది నాన్నా, అంత బాధగా వుంది నాకు ఆ నీళ్ళ మీద పోతుంటే. రెండు చివర్లా లాకులున్నాయి, రోజుకి నాలుగుసార్లే తెరుస్తారు. లాకులోకి వెళ్ళాక పైనున్న మనిషి నా మోకులు అందుకుని గుంజకి తగిలించి చివర్లు మళ్ళీ నాకే ఇచ్చాడు, ముందు మోకు ఒక చేతిలో, వెనక మోకు ఇంకో చేతిలో, నీళ్ళు దాదాపు 8 అడుగులు లేస్తుంటే రెండూ సమానంగా లాక్కుంటూ రావాలి, ఒకటి వదులైతే పడవ అడ్డం తిరిగి గోడకి కొట్టుకుంటుంది. ఇద్దరుంటే చెరోటీ పట్టుకుంటారు. నేను పడవ మధ్యలో నిలబడి రెండూ పట్టుకున్నా, అరచేతులు మండాయి గానీ పడవకి గీత కూడా పడలేదు.

ఒక్కదాన్నే కాబట్టి అన్నీ లంగరు ఎత్తకముందే తేల్చుకోవాలి. పడవల కోసం ఏ వంతెన ఎప్పుడు తెరుస్తారో, కొన్ని గంటకోసారే తెరుస్తారు, దానికి సరిపడా బయల్దేరకపోతే ప్రవాహంలో పడవని ఆపుకుంటూ తిరుగుతుండాలి. నార్త్ కరొలైనా దాకా వంతెన వాళ్ళతో రేడియోలో ఛానల్ 13, ఇక్కణ్ణించి 9, ప్రమాదమైతే 16. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎక్కడో ఒక చోట ఆగిపోతా, నవంబర్లో త్వరగా చీకటి పడుతుంది, చీకట్లో పీతల బుట్టలకి కట్టిన తేలుడు బంతులు కనపడవు, ఆ తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుందంటే అంతే. లైఫ్ జాకెట్ విప్పను, నడుముకి తాడు వుంటుంది. అయినా నీళ్ళలో పడితే ఎలా అని మీరు అడుగుతారు. నిచ్చెనకి ఒక తాడు కట్టి కిందకి వేలాడేశా, నీళ్ళలోంచే అది లాగితే నిచ్చెన దిగుతుంది, కాలవలో దిగి నేనే లాగి చూసుకున్నా.

ఇకమీదట జార్జియా, దాదాపు 140 మైళ్ళు. అక్కడ పోటుకీ పాటుకీ 7 నించి 9 అడుగుల తేడా. లిటిల్ మడ్ రివర్ లాంటి చోట్ల పాటు సమయంలో వెళ్తే దిగబడిపోతాం, నీరు ఎక్కుతున్నప్పుడు దిగబడితే కాసేపటికి అదే లేపుతుంది, దిగుతున్నప్పుడైతే పడవ పక్కకి ఒరిగి గంటలకి గంటలు బురదలోనే. అందుకే సగం పోటు దాటాకే ఆ చోట్లకి వెళ్తా, లేటైతే అవనీ. లంగరు తాడు లెక్క కూడా అంతే, లోతు 10 అడుగులు, పోటుకి ఇంకో 8, పడవ ముక్కు ఎత్తు 3, మొత్తం 21, దానికి ఏడింతలంటే దాదాపు 150 అడుగుల తాడు వదలాలి. ఆరేసి గంటలకి ప్రవాహం తిరిగినప్పుడు పడవా తిరుగుతుంది, లేచి చూసుకుంటా, లంగరు జరగలేదని తెలిశాక మళ్ళీ పడుకుంటా.

చార్లెస్టన్ దాటాక ఒక క్రీక్‌లో డాల్ఫిన్లని చూశా. పాటు సమయం, బురద గట్లు బయటపడ్డాయి. నాలుగైదు కలిసి వరసగా ఒక్కసారి గట్టు వైపు దూసుకొచ్చాయి, ఆ అలకి చేపలు ఎగిరి బురదలో పడ్డాయి, వాటి వెనకే డాల్ఫిన్లు కూడా సగం ఒళ్ళు గట్టెక్కి కుడి పక్కకి ఒరిగి చేపలు ఏరుకుని తిని జారుతూ నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. తల్లి చేస్తే చూసి పిల్లలు నేర్చుకుంటాయట. ఇంజన్ ఆపేసి అక్కడే వుండిపోయా, ఆరోజు అనుకున్న చోటుకి వెళ్ళలేదు. పక్కన ఎవరైనా వుంటే టైం అవుతోంది పద అనేవాళ్ళేమో. మీరడిగిన "ఎందుకు"కి నా దగ్గరున్న జవాబు ఇదే నాన్నా.

జార్జియాలో చాలా చోట్ల సిగ్నల్ వుండదు. ఏ రోజు ఎక్కడ ఆగుతానో తమ్ముడికి రాసి పంపా, పడవ రంగు, పేరు, కోస్ట్ గార్డ్ నంబర్ అన్నీ అందులో వున్నాయి. గాలి వల్ల ఒక రోజు అటూ ఇటూ అవ్వడం మామూలే, చెప్పిన రోజు మీద ఇంకో పూర్తి రోజు గడిచినా కబురు రాకపోతేనే కోస్ట్ గార్డ్‌కి ఫోన్ చెయ్యమని వాడికి చెప్పా. ఫ్లోరిడాలో సెయింట్ ఆగస్టీన్ చేరాక నేనే మీకు ఫోన్ చేస్తా. అమ్మకి నిచ్చెన సంగతి కూడా చదివి వినిపించండి, ముఖ్యంగా అది.

మీ అమ్మాయి