ఆ పబ్ వంకర వెనక బొగ్గు గని ఉంది

సంపాదకుడు గారికి,

ఇంగ్లండ్‌లోని ‘క్రూకెడ్ హౌస్’ పబ్ గురించి ఎప్పుడు వార్త వచ్చినా అదో వింత కట్టడంలాగే వేస్తారు. ఒరిగిపోయిన గోడలు, ఎత్తు వైపుకి దొర్లుతున్నట్టు కనిపించే గోళీలు, ఓ ఫొటో, అంతే. ఆ పేరు ఎందుకొచ్చిందో మాత్రం రాయరు. మీ పత్రికలోనూ రాలేదు కాబట్టి ఈ ఉత్తరం.

స్టాఫర్డ్‌షైర్‌లో డడ్లీ దగ్గర హిమ్లీలో 1765లో దాన్ని రైతు ఇల్లుగా కట్టారు. పబ్ అయ్యాక పెట్టిన పేరు ‘గ్లిన్ ఆర్మ్స్’, అంటే ఆ భూములున్న గ్లిన్ కుటుంబం పేరు (ప్రధానిగా చేసిన గ్లాడ్‌స్టన్ భార్య ఆ ఇంటి ఆడపడుచే). ఆ ప్రాంతంలో నేల కింద బొగ్గు పొర కొన్నిచోట్ల 30 అడుగుల మందం దాకా ఉండేది. అంత బొగ్గు తవ్వుకుపోతే పైనున్న నేల కుంగదా మరి? 19వ శతాబ్దంలో ఇల్లు ఓ పక్కకి దిగబడిపోయింది, రెండో పక్క కంటే దాదాపు 4 అడుగులు కిందికి. ఇక బోర్డు మీద దొరగారి పేరు ఎవరికి కావాలి, జనం దాన్ని వంకర ఇల్లు అనేశారు. 1940ల్లో ప్రమాదకరమని పడగొట్టబోతే ఓ బీరు కంపెనీ కొని, గోడలకి ఆనుడు కట్టి, ఇనుప దూలాలు వేసి నిలబెట్టింది. చివరికి ముద్దుపేరే బోర్డెక్కింది.

బ్రిటన్ పబ్‌లకి ముద్దుపేర్లు మామూలే. లండన్ కోవెంట్ గార్డెన్‌లో ‘ల్యాంబ్ అండ్ ఫ్లాగ్’ని, అక్కడ జరిగిన ముష్టియుద్ధాల వల్ల, ‘బకెట్ ఆఫ్ బ్లడ్’ అనేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో ‘ఈగిల్ అండ్ చైల్డ్’ని ‘బర్డ్ అండ్ బేబీ’ అంటారు. అవి సరదా కథలు. హిమ్లీది అలా కాదు, గని తవ్వకం పైనున్న ఇంటికి ఏం చేసిందో చెప్పే సాక్ష్యం.

ఆ సాక్ష్యం 2023 ఆగస్టు 5న కాలిపోయింది, రెండు రోజులు తిరక్కముందే అనుమతి లేకుండా నేలమట్టం చేశారు. కొత్త యజమానుల చేతికి వెళ్లింది అంతకు కొద్ది రోజుల ముందే. ఇంగ్లండ్‌లో 2017 నుంచి పబ్‌ని కూల్చాలంటే ప్లానింగ్ అనుమతి తప్పనిసరి. కానీ ఇది వారసత్వ కట్టడాల జాబితాలో లేదు. జాబితాలో ఉంటే అనుమతి లేకుండా పడగొట్టడం నేరుగా క్రిమినల్ కేసు అయ్యేది. ప్రపంచమంతా ఫొటోలు తీసుకున్న ఇంటిని జాబితాలో చేర్చడానికి అంత తాత్సారం ఏమిటో నాకైతే అర్థం కాదు!

2024 ఫిబ్రవరిలో సౌత్ స్టాఫర్డ్‌షైర్ కౌన్సిల్, మూడేళ్లలోపు పబ్‌ని మంటలకి ముందు ఎలా ఉందో అలాగే కట్టాలని నోటీసు ఇచ్చింది. యజమానులు అప్పీల్‌కి వెళ్లారు. వంకరగా మళ్లీ కడితే అది సినిమా సెట్ లాంటిదే కదా అని కొందరు అంటున్నారు, ఆ మాటలో కొంత నిజముంది. అయినా కట్టి తీరాలి. లేకపోతే కూల్చినవాళ్లకి ఖాళీ స్థలం మిగులుతుంది, జాబితాలో లేని మిగతా పాత పబ్‌ల యజమానులకి దారి తెలిసిపోతుంది. కట్టాక గోడ మీద దయ్యాల కథలు కాకుండా గని సంగతి రాయాలి. మీరు కూడా ఈసారి ఆ ఫొటో వేసినప్పుడు కింద ఓ వాక్యం బొగ్గు గురించి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు