చిన్నోడికి, యెరూషలేము నుంచి

చిన్నోడా,

ప్రభువు పేరిట వందనాలు. ఈ ముక్క చూడగానే నువ్వు నవ్వుతావని తెలుసు, అయినా రాస్తున్నాను. ఫోన్లో మాట్లాడుకుంటే మనిద్దరికీ గొడవే అవుతోంది. నేనొక మాట అనేలోపు నువ్వు నాలుగంటావు, మధ్యలో అమ్మ ఏడుపు మొదలుపెడుతుంది. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు కదా. హాస్టల్లో తీరిగ్గా ఉన్నప్పుడు చదువు.

నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. సవ్తా మధ్యాహ్నం మందులేసుకుని పడుకుంటే నాకు రెండు గంటలు ఖాళీ. (సవ్తా అంటే ఇక్కడ అమ్మమ్మ, నానమ్మ ఎవరైనా. నేను చూసుకునే పెద్దావిడను అలాగే పిలుస్తాను.) ఆ వీడియోల సారం ఒక్కటే: చేత్తో రాసి రాసి బైబిల్ని ఎప్పుడో మార్చేశారు, ఇప్పుడు మనం చదివేది అసలుది కాదు. ఇక నీ సొంత ప్రశ్న వేరే ఉంది, నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. "అమ్మకి ఏటేటా వాగ్దానం కార్డు వస్తుంది, ఏడాది తిరిగేసరికి అప్పు అలాగే ఉంటుంది, మరి దేవుడు మాట నిలబెట్టుకున్నట్టా?" అన్నావు, కొత్త సంవత్సరానికి చర్చిలో ఇచ్చే వాక్యం కార్డు గురించి. రెండింటికీ నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు రాత సంగతి. ఇక్కడ యూదుల ఇళ్ళలో ప్రతి గుమ్మానికీ కుడిపక్కన వేలెడంత డబ్బీ బిగించి ఉంటుంది. దాన్ని మెజూజా అంటారు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో నీ యింటి ద్వారబంధముల మీద వ్రాయవలెను అని ఉంది కదా, మనం ఆ అధ్యాయంలోంచి ఒక వాక్యం తీసి ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తాం. వీళ్ళు నిజంగానే రాసి గుమ్మానికి కొట్టేశారు. ఏడేళ్ళలో రెండుసార్లు వాటిని ఊడదీసి రాతగాడి చేత చూపించాలని నియమం. మొన్న సవ్తా కొడుకు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి అన్ని గదులవీ ఊడదీశాడు, నేను స్టూలు పట్టుకున్నాను. ఒకటి విప్పి చూపించాడు. సన్నటి తోలు చుట్ట, దాని మీద 22 వరసలు, 713 అక్షరాలు, అన్నీ ఈక కలంతో రాసినవే. ఏ అక్షరమూ పక్కదాన్ని తాకకూడదు, చుట్టూ ఖాళీ తోలు కనపడాలి.

వారం తర్వాత అన్నీ తిరిగొచ్చాయి, వంటగది గుమ్మానిది తప్ప. ఆవిరి తగిలి ఒక అక్షరం ఆకారం చెడిందట. ఒక్క అక్షరం రా! దిద్దుకుంటే సరిపోతుంది కదా అన్నాను. మెజూజాలో అక్షరాలు వరస తప్పకుండా రాయాలట, తర్వాత వెనక్కొచ్చి ఒకటి దిద్దితే చెల్లదట. కొత్తది కొనాల్సిందే. కొన్నారు కూడా, ధర వింటే నువ్వు కళ్ళు తేలేస్తావు. యూదుల ప్రార్థన మందిరంలో చదివే ధర్మశాస్త్రపు చుట్టకు (మోషే ఐదు పుస్తకాలకు) మాత్రం దిద్దుబాటు ఉంది. అందులో 3,04,805 అక్షరాలు. తప్పున్న చుట్టను దిద్దకుండా ముప్పై రోజులకు మించి ఉంచుకోకూడదని పెద్దల మాట.

శనివారం సవ్తాను వీల్‌చైర్లో మందిరానికి తీసుకెళ్తాను. ఆడవాళ్ళ వైపు కూర్చుంటాం. చదివేవాడు ఒక్క మాట తప్పు పలికితే చాలు, నాలుగు మూలల నుంచీ ముసలాళ్ళు అరుస్తారు. ఆయన వెనక్కెళ్ళి సరిగ్గా చదివి అప్పుడు ముందుకు సాగుతాడు. ఎవరూ నొచ్చుకోరు. మన చర్చిలో పాస్టరుగారు చదువుతుంటే ఎవరైనా అలా అరిస్తే ఏమవుతుందో ఊహించుకుని నవ్వుకున్నాను.

ఈ కట్టుబాట్లన్నీ తర్వాతి కాలానివి, అంతకుముందు ఎవడు చూశాడు అంటావు. న్యాయమైన ప్రశ్నే. అందుకే సెలవు రోజున మనవాళ్ళతో కలిసి ఇశ్రాయేలు మ్యూజియానికి వెళ్ళినప్పుడు నేను ఆ ఒక్క హాలు దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయాను. మిగతావాళ్ళు ఫొటోలకు పోయారు. అది పాత లేఖనాల చుట్టల కోసం 1965లో కట్టిన హాలు. పైన తెల్లటి గుండ్రటి కప్పు, ఆ చుట్టలు దొరికిన కుండ మూతలా ఉంటుంది. మృత సముద్రం పక్కన కుమ్రాను గుహల్లో 1947లో బెదూయిన్ గొర్రెల కాపరికి దొరికిన చుట్టల్లో యెషయా గ్రంథం ఒకటి ఉంది చూడు, 66 అధ్యాయాలూ దాదాపు చెక్కుచెదరకుండా. ఏడు మీటర్లకు పైగా పొడవు, 54 పుటలు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటిదంటారు. అంతకుముందు మన చేతిలో ఉన్న పూర్తి హీబ్రూ బైబిల్ ప్రతుల్లో అన్నిటికన్నా పాతది 1008 నాటిది. అంటే ఒక్కసారిగా వెయ్యేళ్ళకు పైగా వెనక్కి వెళ్ళి పోల్చి చూసుకునే వీలు దొరికింది. నేను చూసింది నకలే, అసలుది వెలుతురు తగలకుండా లోపల దాచారట.

పోల్చి చూస్తే ఏం తేలిందో తెలుసా? తేడాలున్నాయి. రెండు వేలకు పైనే. నేను దాచను, ఎందుకంటే రేపు ఇంకో వీడియోలో నువ్వే చూస్తావు. వాటిలో చాలా భాగం స్పెల్లింగులు, మన పాత పుస్తకాల్లో అరసున్నా ఉండి కొత్తవాటిలో లేనట్టు. కొన్ని మాత్రం నిజమైన తేడాలే. మొత్తమ్మీద చదువుకుంటూ పోతే అదే యెషయా.

నన్ను కట్టిపడేసింది ఒక చోటు. ఆ మ్యూజియం వాళ్ళు 2011లో గూగుల్‌తో కలిసి చుట్టంతా నెట్లో పెట్టారు, నువ్వూ ఫోన్లో చూడొచ్చు. 33వ పుట తీసి పెద్దది చేసి చూడు. అక్కడ 40వ అధ్యాయం ఉంటుంది. నానమ్మకు నోటికొచ్చిన వాక్యం: "గడ్డి యెండిపోవును దాని పువ్వు వాడిపోవును మన దేవుని వాక్యము నిత్యము నిలుచును." గడ్డి ఎండటం, పువ్వు వాడటం అనే మాటలు 7వ వచనంలోనూ ఉన్నాయి, 8వ వచనంలోనూ ఉన్నాయి. రాస్తున్నవాడి కన్ను మొదటి దాని నుంచి రెండోదానికి జారింది, మధ్యలో ముక్క ఎగిరిపోయింది. తర్వాత ఇంకెవరో వేరే చేతిరాతతో ఆ ముక్కను వరసల మధ్య ఇరికించారు, చోటు చాలక పక్క మార్జిన్లో కిందికి రాసుకుంటూ పోయారు. దేవుని పేరు రావాల్సిన చోట పేరు రాయడానికి చెయ్యాడలేదు, నాలుగు చుక్కలు పెట్టారు. పూర్వకాలంలో గ్రీకులోకి చేసిన అనువాదపు ప్రతిలోనూ ఆ ముక్క లేదు కాబట్టి పండితుల్లో దీని మీద వాదం ఉందట, అది వాళ్ళు తేల్చుకుంటారు.

దేవుని వాక్యం నిత్యం నిలుచును అనే చోటే ఇలా అయింది చూశావా! నీ వీడియో పెద్దమనిషికి ఇది దొరికితే పండగే. నాకు మాత్రం అక్కడే ధైర్యం వచ్చింది. మోసం చేయాలనుకున్నవాడు ఆ చుట్ట పారేసి శుభ్రంగా కొత్తది రాసుకునేవాడు. వీళ్ళు దిద్దుబాటు అందరికీ కనపడేలా వదిలేశారు. రెండు వేల ఏళ్ళ తర్వాత పల్లెటూరి నుంచి వచ్చిన ఆయా కూడా వేలుపెట్టి చూపించగలిగేంత బాహాటంగా.

యిర్మీయా గ్రంథంలో ఇంతకన్నా పెద్ద తేడా ఉంది. గ్రీకులో అది ఎనిమిదో వంతు దాకా చిన్నది, అధ్యాయాల వరసా వేరు, ఆ చిన్న రూపానికి సరిపోయే హీబ్రూ ముక్కలు కుమ్రానులోనూ దొరికాయి. మొదట విన్నప్పుడు నాకూ టెన్షన్ వచ్చింది. తర్వాత 36వ అధ్యాయం మళ్ళీ చదివాను. యిర్మీయా చెబుతుంటే బారూకు రాస్తాడు. అది చలికాలం, యెహోయాకీము రాజు కుంపటి ముందు కూర్చుని చదివించుకుంటాడు. మూడు నాలుగు పుటలు కాగానే చాకుతో కోసి నిప్పుల్లో వేస్తాడు, అలా చుట్ట మొత్తం తగలబెడతాడు. బారూకు మళ్ళీ మొదటినుంచి రాస్తాడు. ఇంకా అనేక మాటలు కలిపి రాశారని ఆ అధ్యాయం ఆఖర్లో స్పష్టంగా ఉంది. మళ్ళీ రాశామని, కలిపామని ఆ పుస్తకమే చెప్పుకుంటుంటే ఎవరో కనిపెట్టినట్టు మనకి వీడియో చేసి చూపించడం ఏంటి?

ఇక అమ్మ కార్డు. పోయిన డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో అమ్మకి వచ్చింది యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." అమ్మ దాన్ని బీరువా అద్దానికి అంటించి, ఈ ఏడాది ఏజెంటుకి కట్టిన అప్పు తీరుతుందని, నీకు క్యాంపస్‌లో ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టుకుంది. ఏదీ కాలేదని నీ కోపం.

ఆ 29వ అధ్యాయంలో ఎక్కువ భాగం ఒక ఉత్తరం రా. దేశం కాని దేశంలో, బబులోనులో చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం బయలుదేరింది నేనిప్పుడు కూర్చున్న ఈ ఊరి నుంచే. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉంటాడు. రెండేళ్ళలో అందరూ ఇంటికొచ్చేస్తారు అని గుడిలో జనం ముందు ప్రకటించి, బబులోనుకు లోబడాలనే గుర్తుగా యిర్మీయా మెడ మీద మోస్తున్న కాడిని తీసి విరగ్గొడతాడు. అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టే ఉంటారు, నేనైనా కొట్టేదాన్ని. నాకూ రెండేళ్ళు అనే చెప్పాడు కదా మన ఏజెంటు. యిర్మీయా కూడా ముందు ఆమేన్, అలాగే జరగాలి అంటాడు, వెటకారంగానో నిజంగా ఆశపడో తెలీదు. తర్వాతి అధ్యాయంలో ఈ ఉత్తరం ఉంటుంది: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరు చెరపోయిన ఆ పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థన చేయండి. డెబ్బై ఏళ్ళయ్యాక మిమ్మల్ని వెనక్కి తెస్తాను. ఆ తర్వాత వస్తుంది అమ్మ కార్డు మీది వాక్యం.

డెబ్బై ఏళ్ళు! ఆ ఉత్తరం చదవగా విన్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది బబులోనులోనే పోయి ఉంటారు. వాగ్దానం తప్పలేదు. క్రీస్తుపూర్వం 539లో బబులోను పడింది, పారసీక రాజు కోరెషు చెరలో ఉన్నవాళ్ళను వెళ్ళనిచ్చాడు. గ్రీకు ప్రతిలోనూ హీబ్రూలోనూ ఆ డెబ్బై అలాగే ఉంది. తప్పింది హనన్యా చెప్పిన రెండేళ్ళు. మనం కార్డు మీద దేవుని మాటే అచ్చు వేయించి, లోపల హనన్యా లెక్క పెట్టుకుంటున్నాం. డాక్టరు రాసిన చీటీలో తియ్యటి సిరప్ ఒక్కటే తాగి జ్వరం తగ్గలేదన్నట్టుంది.

నేను వాక్యాన్ని సీరియస్‌గా తీసుకుంటానని అన్నప్పుడు నువ్వు మూఢనమ్మకం అనుకున్నావు. నేననేది ఇదే, మొత్తం అధ్యాయం చదివి అది ఏం చెబితే దాన్ని ఒప్పుకోవడం. ఆ ఉత్తరంలో అప్పు ఊసు లేదు, క్యాంపస్ ఊసు లేదు. పరాయి ఊళ్ళో ఉన్నా ఆ ఊరి మేలు కోరమనే ఆజ్ఞ మాత్రం ఉంది, అది నాకు సూటిగా తగిలింది. సవ్తాకి స్నానం చేయించేటప్పుడు, ఆమె విసుక్కుని నా చెయ్యి తోసేసినప్పుడు, ఆ మాట గుర్తొస్తుంది. ఈ దేశంలో నేనుండేది నెలజీతం కోసమే అని ఇంతకాలం అనుకున్నాను.

సైరన్ మోగినప్పటి సంగతి కూడా నువ్వు ఎత్తిపొడిచావు: "91వ కీర్తన నమ్ముతావు కదా, మరి షెల్టర్లోకి ఎందుకు పరిగెడతావు?" ఆపదలో దేవుడు కాపాడతాడని చెప్పే కీర్తన అది. భలే అడిగావులే. నీకన్నా ముందు ఆ ప్రశ్న వేసినవాడు ఉన్నాడు. మత్తయి 4వ అధ్యాయం తీసి చూడు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు పట్టుకుంటారు అని 91వ కీర్తనే చదివి వినిపించాడు సాతాను. యేసు దూకలేదు. ప్రభువును శోధింపవలదు అని ద్వితీయోపదేశకాండం 6 నుంచి జవాబిచ్చాడు, ఈ గుమ్మాల మీదున్న అధ్యాయమే అది. నేను సవ్తాను వీల్‌చైర్లో తోసుకుంటూ 91 చెప్పుకుంటూ గట్టి గదిలోకే వెళ్తాను, తలుపు కూడా బిగిస్తాను.

సరే, పదో తారీఖుకి డబ్బు వేస్తాను. అందులో సగం అప్పుకి, నీ పరీక్ష ఫీజు విడిగా పంపుతాను, కలిపి ఖర్చు పెట్టకు. అమ్మకి చిన్న అక్షరాలు కనపడటం లేదంట, నాతో చెప్పలేదు, పిన్ని చెప్పింది. పండక్కి ఇంటికెళ్ళినప్పుడు తాడేపల్లిగూడెం తీసుకెళ్ళి కళ్ళజోడు మార్పించు. పెద్దక్షరాల బైబిల్ ఒకటి కొను. ఈసారి 31 రాత్రి అమ్మకి ఏ కార్డొచ్చినా సరే, తెల్లారి నువ్వే కూర్చుని ఆ అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. నువ్వు నమ్మకపోయినా ఫర్వాలేదు, చదవడం వచ్చు కదా. మధ్యలో ఏమైనా పట్టుకుంటే నాకు రాయి, నేను వెతికి జవాబు రాస్తాను.

మీ అక్క