ఐటీఐకి ఆరు ప్యానెళ్లు ఇవ్వండి, వాటిని చెడగొట్టే అనుమతీ ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి, శిక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సోలార్ ప్లాంట్లు బిగించేవాళ్లం, బాగుచేసేవాళ్లం, ఆ పని నేర్పేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది.

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దేశంలో కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టాలన్నది లక్ష్యం. 3 కిలోవాట్లు, ఆపైన పెట్టించుకున్న ఇంటికి కేంద్రం ఇచ్చే రాయితీ 78,000 రూపాయలు. అదే ఏడాది మన రాష్ట్రం తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 7.5 లక్షల ఉద్యోగాలు వస్తాయంది. డబ్బుకూ ప్యానెళ్లకూ కొరత రాకపోవచ్చు. వాటిని పాతికేళ్లు పనిచేసేలా బిగించే పనివాళ్లు ఎక్కడ తయారవుతారన్నదే మా బెంగ.

కోర్సులు ఉన్నాయి. 600 గంటల సూర్యమిత్ర శిక్షణ ఉంది, ఐటీఐల్లో ఏడాది సోలార్ టెక్నీషియన్ ట్రేడ్ ఉంది. సిలబస్‌తో మాకు పేచీ లేదు. గంటలు బోర్డు ముందే గడిచిపోవడంతోనే పేచీ. కాలేజీ డాబా మీద ప్లాంటు ఉన్నా విద్యార్థి దాన్ని ముట్టుకోవడానికి లేదు. అది చాలాచోట్ల పెట్టుబడి పెట్టిన కంపెనీ ఆస్తి, దీర్ఘకాల ఒప్పందం, వారంటీ షరతులు. ఆ అడ్డు న్యాయమైనదే. నడుస్తున్న ప్లాంటు మీద నేర్చుకునేవాళ్లను వదలమని మేమూ అడగం.

మేం అడిగేది వేరు. సోలార్ కోర్సు నడిపే ప్రతి ప్రభుత్వ ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో నేల మీద, నడుం ఎత్తులో, ఒక శిక్షణ ప్లాంటు. 540 వాట్ల ప్యానెళ్లు 6, ప్యానెళ్ల డీసీ కరెంటును ఇళ్లలో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఒక 3 కిలోవాట్ల ఇన్వర్టర్, డీసీ బాక్సు, ఏసీ బాక్సు, ఎర్తింగ్ కోసం మూడు గుంతలు (ఎర్త్ పిట్లు). డాబా మీద చేసే పనంతా దీని మీద చేయొచ్చు, కిందపడే భయం లేకుండా. దీన్ని బిగించి, విప్పి, మళ్లీ బిగించాలి. కావాలని చెడగొట్టి, ఎక్కడ చెడిందో పట్టుకోమనాలి.

చెడగొట్టడం ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాం. వాన పడిన మర్నాడు ఉదయం ఇన్వర్టర్ ఇన్సులేషన్ ఫాల్ట్, అంటే కరెంటు ఎక్కడో ఎర్త్‌కు కారుతోందని, చూపించి ఆగిపోతుంది. పదకొండు గంటలకల్లా తడి ఆరి, దానంతట అదే మొదలవుతుంది. మెకానిక్ మధ్యాహ్నం వస్తాడు, అంతా బాగానే ఉందని వెళ్లిపోతాడు. నెలకు మూడుసార్లు ఇదే తంతు. చివరికి నింద ఇన్వర్టర్ మీద పడుతుంది, దాన్ని మార్చేస్తారు, ఫాల్ట్ మాత్రం అలాగే ఉంటుంది. ఎక్కడో క్లాంపు కింద కేబుల్ నలిగి ఉంటుంది, లేదా కనెక్టర్‌లోకి నీళ్లు దిగి ఉంటాయి.

ఇది దొరికే పద్ధతి చాలా తేలిక. తడి ఉన్నప్పుడే వెళ్లాలి. ముందు ఏసీ ఆపాలి, తర్వాత డీసీ ఐసోలేటర్ స్విచ్ ఆపాలి, క్లాంప్ మీటర్‌తో కరెంటు సున్నా అని చూసుకున్నాకే స్ట్రింగ్‌ను, అంటే ఒకదానికొకటి కలిపిన ప్యానెళ్ల వరుసను, ఇన్వర్టర్ నుంచి విడదీయాలి. 540 వాట్ల ప్యానెల్ లోడు లేనప్పుడు దాదాపు 50 వోల్టులు ఇస్తుంది, ఆరు కలిస్తే 300. ఇప్పుడు పాజిటివ్‌కూ ఎర్త్‌కూ మధ్య, నెగటివ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలవాలి. స్ట్రింగ్ బాగుంటే రెండూ సున్నాకు జారిపోతాయి. పాజిటివ్ వైపు 100, నెగటివ్ వైపు 200 దగ్గర నిలబడ్డాయంటే, పాజిటివ్ కొన నుంచి లెక్కపెడితే రెండో ప్యానెల్‌కూ మూడో ప్యానెల్‌కూ మధ్య ఫాల్ట్ ఉన్నట్టు. ఎక్కాలు వచ్చిన ఎవరైనా ఈ లెక్క చేయగలరు. కానీ కళ్లారా ఒక్కసారైనా చూసి ఉండాలి కదా. శిక్షణ ప్లాంటులో ఒక కేబుల్ తోలు చెక్కి, ఫ్రేముకు ఆనించి, తడిగుడ్డ చుట్టి విద్యార్థి ముందు పెడితే ఈ పాఠం జన్మలో మరవడు.

రెండోది క్రింపింగ్. ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ-4 కనెక్టర్‌లో పిన్నును కేబుల్‌కు నొక్కే పని కటింగ్ ప్లేయర్‌తో కానిచ్చేవాళ్లు కోకొల్లలు. పైకి గట్టిగానే కనిపిస్తుంది. లోపల తీగ పోగులు సరిగా పట్టవు, ఆ అతుకు దగ్గర రెసిస్టెన్స్ పెరుగుతుంది, రోజూ 13 ఆంపియర్లు పారుతుంటే వేడెక్కి, ఏడాదికో రెండేళ్లకో ప్లాస్టిక్ కరుగుతుంది. ఒక కంపెనీ మగ కనెక్టర్‌ను ఇంకో కంపెనీ ఆడ కనెక్టర్‌లో దూర్చినా చివరికి ఇదే గతి. టక్కుమని పట్టినంత మాత్రాన లోపల సరిగా కూర్చున్నట్టు కాదు. ఏసీలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతుంది కాబట్టి చిన్న మంట దానంతట అదే ఆరే వీలుంది. డీసీకి ఆ వెసులుబాటు లేదు, ఆర్క్ (తీగల సందులో ఎగిరే మంట) మొదలైతే ఎండ ఉన్నంతసేపూ మండుతూనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి వచ్చిన పిల్లలకు ముందు మాన్పించాల్సిన అలవాటు లోడు మీద, అంటే కరెంటు పారుతుండగానే, కనెక్టర్ లాగడం.

ఇరవై మంది బ్యాచ్‌కు లెక్క ఇది: నలుగురికి ఒకటి చొప్పున 5 అసలైన క్రింపింగ్ టూళ్లు, ఒక్కొక్కరు పది అతుకులు వేసేలా 200 జతల కనెక్టర్లు, 4 చదరపు మిల్లీమీటర్ల డీసీ కేబుల్ ఎరుపూ నలుపూ కలిపి కనీసం 100 మీటర్లు. పిన్ను ఒకసారి నొక్కాక మళ్లీ పనికిరాదు. అందువల్ల ఈ సరుకును ఆస్తి పద్దులో కాకుండా ప్రతి బ్యాచ్‌కూ ఖర్చయ్యే పద్దులో చూపించాలి. టూలు ఒకసారి కొని, కనెక్టర్లు అయిపోయాక బీరువాలో పెట్టి తాళం వేస్తే ఉపయోగమేముంది? ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్, ఎర్త్ టెస్టర్, సేఫ్టీ బెల్టుల సంగతీ అంతే: స్టాక్ రిజిస్టర్‌లో ఉంటే చాలదు.

జిల్లా మారితే పాఠమూ మారాలి. కట్టడాల మీద గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైనుకు తీసుకోవాల్సిన గాలి వేగం విశాఖలో సెకనుకు 50 మీటర్లు, కర్నూలులో 39. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి కర్నూలులో చదరపు మీటరుకు 913 న్యూటన్లయితే విశాఖలో 1,500. మిగతా గుణకాలు వేయకముందే ఒక్క ప్యానెల్ మీద ఇది 390 కిలోల బరువు పడినట్టు. కర్నూలు స్టాండు డ్రాయింగును విశాఖలో వాడితే ఏమవుతుందో చెప్పడానికి 2014 హుద్‌హుద్ లాంటి తుపాను ఒక్కటి చాలు. తీరంలో తుప్పు ఇంకో బెడద. గాల్వనైజ్ చేసిన (జింకు పూత వేసిన) స్టాండు కాలిని డాబా మీద కోసినా, రంధ్రం చేసినా, వెల్డింగ్ పెట్టినా ఆ చోట జింకు పోతుంది, ఉప్పుగాలి అక్కడి నుంచే తినడం మొదలుపెడుతుంది. పైపైన సిల్వర్ పెయింటు పూస్తే మన కంటికి కనపడదు, అంతే.

అనంతపురంలో తంటా ఎర్తింగ్‌తో. రాతినేల, అడుగున తడి ఉండదు. ఆగస్టు వానల్లో కొలిస్తే 5 ఓమ్‌ల లోపు చూపే పిట్టు, మేలో ఎంతో చూడాలి. కొలత ఎండాకాలంలోనే తీయాలని శిక్షణలో రాసి పెట్టాలి. ప్యానెల్ ఫ్రేముకు అనోడైజింగ్ పొర ఉంటుంది, అది కరెంటును పోనివ్వదు. పళ్లున్న వాషర్ ఆ పొరను కొరికితేనే ఎర్త్ తీగకు పట్టు దొరుకుతుంది. మామూలు వాషర్ వేసి నట్టు ఎంత బిగించినా అది అలంకారమే.

కాలేజీ డాబా మీద ఉన్న పెద్ద ప్లాంటును విప్పక్కర్లేదు, చదవడం నేర్పండి చాలు. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు రావాలి. 10 కిలోవాట్ల ప్లాంటు నెలకు 1,200 ఇవ్వాల్సింది 900 దగ్గర ఆగితే, దుమ్మా, కొత్తగా కట్టిన నీళ్ల ట్యాంకు నీడా, మధ్యాహ్నం లైను వోల్టేజీ 253 దాటి ఇన్వర్టర్ ఆగిపోతోందా అన్నది విద్యార్థులు రికార్డులో రాయాలి. ప్యానెళ్లు కడగడానికి బోరు నీళ్లు వాడితే తెల్లని ఉప్పు చారలు మిగులుతాయన్నదీ అక్కడే తెలుస్తుంది. ఇకపై రాసుకునే ఒప్పందాల్లో రీడింగులు చూసే హక్కు, నిర్వహణకు వచ్చే టెక్నీషియన్ వెంట విద్యార్థులు నిలబడే హక్కు ఒక వాక్యంగా చేర్పించండి.

పగిలిన ప్యానెళ్ల సంగతి కూడా. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి సోలార్ ప్యానెళ్లు వచ్చాయి. అయినా అవి మన కాలేజీల్లో సైకిల్ షెడ్డు వెనక గోడకు ఆనించి కనిపిస్తుంటాయి. గాజు పగిలినా ఎండ తగిలితే కరెంటు వస్తుంది, తాకితే షాకు కొట్టొచ్చు. బోర్లా పెట్టి, కప్పి, లెక్క రాసి ఉంచమని ఒక సర్క్యులర్ సరిపోతుంది.

చివరగా పరీక్ష. ఆబ్జెక్టివ్ పేపర్ ఉండనివ్వండి. దానితో పాటు ప్రాక్టికల్‌లో, బయటి ఎగ్జామినర్ శిక్షణ ప్లాంటులో ఒక ఫాల్ట్ పెట్టి, గంట సమయం ఇచ్చి, మీటరు చేతికివ్వాలి. ఫాల్ట్ దొరకకపోయినా సరైన క్రమంలో వెతికితే సగం మార్కులు వేయవచ్చు. ఏసీ ఆపకుండా, కరెంటు కొలవకుండా కనెక్టర్ మీద చెయ్యి వేసినవాణ్ని మాత్రం అక్కడే ఆపి, ఆ విడతకు ఫెయిల్ చేయాలి.

కొనుగోళ్లకు టెండరు పిలిచే ముందు పరికరాల వివరాలను ఐటీఐ ట్రైనింగ్ ఆఫీసర్లకు, డిస్కం ఫీల్డు ఇంజినీర్లకు చూపించి వారి మాట తీసుకోమని మనవి.

ఇట్లు,
సోలార్ రంగ సాంకేతిక నిపుణులు, శిక్షకులు